కట్టడానికి రక్షణ, కాపురానికి నోటీసు

హైదరాబాదును లోకానికి చూపించవలసి వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వాలు ముందుంచే చిత్రం ఒక్కటే, చార్మినార్. పర్యాటక శాఖ గోడపత్రికల్లోనూ, పెట్టుబడుల సదస్సుల వేదికల మీదా ఆ నాలుగు మినార్లే కనిపిస్తాయి. అందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. కాని నగరమంటే నాలుగు మినార్లు మాత్రమే కాదు. వాటి చుట్టూ నాలుగు శతాబ్దాలకు పైగా అల్లుకొన్న మొహల్లాలూ, ఆ మొహల్లాల్లోని ఇళ్లూ, ఆ ఇళ్లలో వంశపారంపర్యంగా కాపురముంటున్న కుటుంబాలూ కలిస్తేనే అది నగరం. అవి తొలగిపోయిన నాడు చార్మినార్ ఒక బొమ్మగా మిగులుతుంది. పాతబస్తీలో నేడు జరుగుతున్న మార్పులను ఈ దృష్టితో చూడవలసిన అవసరం ఏర్పడింది.

2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పాతబస్తీ మెట్రో మార్గానికి శంకుస్థాపన చేశారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల ఈ మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, షాలిబండ, షంషీర్‌గంజ్, అలియాబాద్‌ల మీదుగా సాగుతుంది. ఇందుకోసం రహదారిని 100 అడుగుల వెడల్పు చేయాలని నిర్ణయించారు. చదరపు గజానికి 81 వేల రూపాయల చొప్పున పరిహారం నిర్ణయించి, 2025 జనవరి నుంచి కూల్చివేతలు ప్రారంభించారు. దారి పొడవునా ఉన్న మసీదులు, ఆలయాలు, ఆశుర్‌ఖానాలు, దర్గాలు, శ్మశానవాటికలు దెబ్బతినకుండా స్తంభాల స్థానాలు సర్దుబాటు చేస్తామని మెట్రో అధికారులు ప్రకటించారు. ఈ జాగ్రత్త హర్షణీయమే. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. మసీదు కోసం పక్కకు జరగగలిగిన స్తంభం, ఆ మసీదులో ఐదు పూటలా నమాజు చదివే కుటుంబం ఇంటి కోసం జరగగలదా అన్న ఆలోచన ఎవరైనా చేశారా?

మెట్రోకు మేము వ్యతిరేకులం కాము. ఈ మాట మొదటే స్పష్టం చేయడం అవసరం. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన రైలు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్దనే ఆగిపోయినప్పుడు, పాతబస్తీకి అన్యాయం జరిగిందని గొంతెత్తినవారిలో ఈ మొహల్లాల ప్రజలే ముందున్నారు. కాలేజీకి వెళ్లే ఆడపిల్లకు, ఆస్పత్రికి వెళ్లే వృద్ధునికి, నగరం ఆ చివర ఉద్యోగం చేసే యువకునికి రైలు కావాలి. మా ప్రశ్న రైలు గురించి కాదు. ఒక నగర వారసత్వంలో కట్టడాన్ని మాత్రమే లెక్కించి, కాపురాన్ని లెక్కలోకి తీసుకోని దృష్టి గురించి.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరాన్ని నెలకొల్పినప్పుడు, దానికి రూపకల్పన చేసిన ఘనత ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీకి దక్కింది. మధ్యలో చార్మినార్, దాని నుంచి నాలుగు దిక్కులకు సాగే నాలుగు రాజవీధులు, ఆ వీధుల మధ్య వాడలు. గోల్కొండ వైపు నుంచి మూసీని దాటడానికి అంతకు ముందే, 1578లో, పురానాపూల్ వంతెన సిద్ధంగా ఉంది. కోట లోపల ఇరుకైన గోల్కొండకు భిన్నంగా, నివసించడానికి యోగ్యమైన ఊరు కావాలన్న ఆలోచనే ఈ నగరానికి పునాది. దారుల్‌షిఫా అంటే ఆరోగ్యమిచ్చే ఇల్లు. కుతుబ్‌షాహీల నాటి వైద్యశాల ఆ పేటకు పేరైంది. దబీర్ అంటే లేఖకుడు. ఆ కొలువు పేరే దబీర్‌పురాగా నిలిచింది. అరబ్బు సిపాయిల బారకాసులు బార్కస్ అయ్యాయి. బావి ఉన్న చోటు హరిబౌలి, సంత ఉన్న చోటు మీరాలం మండి. ఈ పేర్లన్నీ ఒక్కో వృత్తిని, ఒక్కో వలసను, ఒక్కో నీటి చెలమను గుర్తు పెట్టుకొన్నాయి. నగరానికి నమూనా గీసిన మీర్ మోమిన్ స్వయంగా విశ్రమిస్తున్న దాయిరా కూడా నేటి మెట్రో దారిలోని ఒక మజిలీ కావడం ఆలోచింపజేసే విషయం.

ఈ మొహల్లాల్లోని ఇంటి నిర్మాణాన్ని గమనిస్తే, అది ఏ ఒక్క ప్రభువు వైభవ ప్రదర్శనకో పుట్టినది కాదని తెలుస్తుంది. అమీరుల నివాసాన్ని దేవిడీ అన్నారు. వీధి వైపు ఎత్తయిన కమాను, దాని పైన నఖార్‌ఖానా, లోపలికి అడుగుపెడితే విశాలమైన సహన్, నడుమ నీటి హౌజు, చుట్టూ స్తంభాల వరుసతో దాలాన్లు. ముందు భాగంలో అతిథులను ఆదరించే దివాన్‌ఖానా, మర్దానా. వెనుక భాగంలో స్త్రీల జనానా. సామాన్యుని ఇల్లు విస్తీర్ణంలో చిన్నదైనా దాని ఆలోచన ఇదే. వీధికి చిన్న తలుపు, తలుపు తీసిన వెంటనే ఇల్లంతా కనిపించకుండా ఒక మలుపు, ఆ తర్వాత ఆకాశం కనిపించే ముంగిలి, ముంగిలి చుట్టూ గదులు, గోడల్లో సామాను పెట్టుకొనే తాఖ్‌లు. గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చేర్చి తయారు చేసిన ఆ గచ్చు గట్టిపడిన తర్వాత కూడా గాలి పీల్చుకొంటుంది. మందమైన గోడ పగటి వేడిని లోపలికి రానివ్వదు. ముంగిలిలో నీళ్లు చల్లితే సాయంత్రానికి ఇల్లు చల్లబడుతుంది. ఏప్రిల్, మే నెలల హైదరాబాదు ఎండలో రేకుల గదిలోనో, సిమెంటు స్లాబు కిందనో ఉన్నవారికి ఈ మాటల విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ ఇంటి పద్ధతి ముస్లిములకు మాత్రమే పరిమితమైనదని ఎవరైనా భావిస్తే అది పొరపాటు. నిజాం కొలువులో దఫ్తర్‌ల బాధ్యత వహించిన కాయస్థుల మాల్వాలా కుటుంబమూ, మహారాష్ట్ర బ్రాహ్మణులైన రాయ్‌రాయాన్ వంశమూ, ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ ప్రసాద్ కూడా దేవిడీలలోనే నివసించారు. గోదావరి, కృష్ణా తీరాల తెలుగు ఇళ్లలోని మండువా లోగిలికి, పాతబస్తీ సహన్‌కు ఉన్న పోలిక ఎవరి కంటికైనా కనిపిస్తుంది. వాన, వెలుతురు, గాలి నడి ఇంట్లోకి దిగాలన్న కోరిక రెండింటికీ సమానం. వీధి అరుగు మీద కూర్చునే పెద్దమనిషికి, చబూత్రా మీద కూర్చునే పెద్దమనిషికి భాషలో తేడా ఉండవచ్చు, కూర్చునే తీరులో లేదు. కనుక పాతబస్తీ ఇంటిని ‘వారి ఇల్లు’గా చూసే ఆలోచన చరిత్రకు విరుద్ధమైనది. అది ఈ నేల మీద, ఈ ఎండకు, ఈ రాతితో పుట్టిన ఇల్లు.

ఆ ఇంట్లో అంతా సవ్యంగానే ఉండేదని కూడా చెప్పబోము. జనానా గోడ స్త్రీకి ఏకాంతాన్ని ఇచ్చింది. ఎన్నో సందర్భాల్లో ఆమె చదువుకు, సంచారానికి అడ్డుగోడగానూ నిలిచింది. దేవిడీ వైభవం వెనుక జాగీరు గ్రామాల రైతుల శ్రమ ఉంది. గతాన్ని కాపాడుకోవడమంటే గతంలోని అసమానతను కాపాడుకోవడం కాదు. ఇల్లు నిలవాలి, దానిలో మనుషులు మునుపటి కంటే న్యాయంగా బతకాలి.

ఈ ఇళ్లు ఒక్కరోజులో కనుమరుగు కాలేదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద వేల ప్రాణాలు బలిగొని, నదీ తీరంలోని మొహల్లాలను ఊడ్చివేసింది. దాని తర్వాత ఏర్పడిన నగర అభివృద్ధి సంస్థ, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, కొత్త రహదారులు వేసింది, ఇరుకు వాడలను తొలగించింది, పత్థర్‌గట్టీ రాతి కమానుల బజారును నిర్మించింది. 1948 సైనిక చర్య తర్వాత, 1949లో జాగీర్ల రద్దుతో దేవిడీల పోషణకు ఆధారమైన ఆదాయం ఆగిపోయింది. జాగీర్ల రద్దు న్యాయమైన సంస్కరణే. కాని ఆ ఆదాయం మీద నిలబడిన కట్టడాల గతి ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు. ఆ ఏళ్లలోనే ఎన్నో కుటుంబాలు చీలిపోయాయి. కొందరు సరిహద్దు దాటారు, వారి వాటాలు కాందిశీక ఆస్తుల చట్టం కిందికి వెళ్లి, ఇక్కడే నిలిచిన బంధువులు సైతం ఏళ్ల తరబడి దఫ్తర్‌ల చుట్టూ తిరిగారు. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం వచ్చాక విశాలమైన ప్రాంగణాలు ముక్కలయ్యాయి. 1970లలో మొదలైన గల్ఫ్ వలసతో చేతికి డబ్బు వచ్చిన కుటుంబాలు ముందుగా చేసిన పని పాత ఇంటిని పడగొట్టి సిమెంటు మేడ కట్టుకోవడం. దాన్ని తప్పు పట్టలేము. కారే కప్పు కింద పిల్లలను పెంచిన తల్లికి కొత్త మేడ గౌరవ చిహ్నమే.

సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీ కథ ఈ పరిణామానికి అద్దం పడుతుంది. 1951 డిసెంబరు 16న ఆ భవనంలోనే ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలిపోయింది. లోపలి వస్తువులకు జాతీయ గౌరవం లభించింది. వాటిని తరతరాలుగా దాచిన ఇంటికి ఆ భాగ్యం దక్కలేదు. నేడు దివాన్ దేవిడీ అంటే బట్టల దుకాణాల సముదాయం. మాల్వాలా ప్యాలెస్ విషయంలోనూ జరిగింది ఇదే. టేకు చెక్కడాలకు పేరుగన్న ఆ భవనంలో అత్యధిక భాగాన్ని 2000లో కూల్చివేశారు. వస్తువును మ్యూజియంలో పెట్టి ఇంటిని పోగొట్టుకోవడం ఒక అలవాటుగా మారింది.

చట్టం సంగతి చూద్దాం. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం అటువంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. పాత ఇంటి మరమ్మతుకు సైతం అనుమతి పత్రం తెచ్చుకోవాలి. కట్టడాన్ని కాపాడడానికి ఈ నియమం అవసరమే. కాని ఆ పరిధిలోని గృహస్థుని వైపు నుంచి చూడండి. ఇల్లు పెంచుకోకూడదు, ఇష్టం వచ్చినట్లు మార్చుకోకూడదు, మరమ్మతుకు అర్జీ పెట్టుకొని వేచి ఉండాలి. అయితే డంగు సున్నం పనివానికి కూలి ఇచ్చేందుకు ఒక్క రూపాయి సాయం ఆ చట్టంలో లేదు. నిషేధం ప్రభుత్వానిది, ఖర్చు గృహస్థునిది. వానకు గోడ కూలితే నేరం కూడా అతనిదే.

రాష్ట్రం చేతిలో ఉన్న రక్షణ కూడా పలుచబడింది. హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనల్లో 1995లో చేర్చిన 13వ నిబంధన, వారసత్వ భవనాల జాబితా ఒకటి రూపొందించడానికి వీలు కల్పించింది. ప్రభుత్వ భవనాలతో పాటు ప్రైవేటు దేవిడీలు కూడా ఆ జాబితాలో ఉండేవి. జాబితాలోని భవనాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా అనుమతి తీసుకోవలసిందే. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ నిర్మించిన ఇర్రమ్ మంజిల్‌ను కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. పౌరులు న్యాయస్థానం తలుపు తట్టినందువల్లనే ఆ ప్యాలెస్ నిలిచింది. అయితే ప్యాలెస్‌లకు న్యాయవాదులు దొరుకుతారు, పత్రికల్లో చోటు దొరుకుతుంది. చౌమహల్లాకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. అదే ఏడాది ఫలక్‌నుమా ప్యాలెస్ విలాసవంతమైన హోటలుగా తెరుచుకొంది. అలీజా కోట్లా సందులోని రెండు గదుల, ఒక ముంగిలి ఇంటికి మాత్రం పురస్కారమూ లేదు, హోటలూ లేదు, వకీలూ లేడు.

ఇక కూల్చివేతల దగ్గర అసలు నష్టం ఎవరికి జరుగుతుందో పరిశీలిద్దాం. పరిహారం పత్రాలు ఉన్నవారికి వస్తుంది. పాతబస్తీ ఇళ్లలో పత్రాల స్థితి ఎటువంటిది? తాతల పేరు మీద ఉర్దూలో, ఫార్సీలో రాసిన దస్తావేజులు, నిజాం కాలపు ముంతఖబ్‌లు, నలుగురైదుగురు వారసుల మధ్య నోటిమాటగా జరిగిన పంపకాలు, మున్సిపల్ పన్ను రసీదు ఒకరి పేరు, కరెంటు బిల్లు మరొకరి పేరు. ఇటువంటి ఇంటికి నోటీసు వచ్చినప్పుడు మొదట బయటపడేది గోడలోని పగులు కాదు, కుటుంబంలోని పగులు. అన్నదమ్ముల మధ్య తగాదా వస్తుంది. పరిహారం కోర్టులో జమ అవుతుంది. కుటుంబం అద్దె ఇల్లు వెతుక్కొంటుంది.

ఈ లెక్కలో అందరికన్నా వెనుకబడేది ఇంటి ఆడబిడ్డ. కుమార్తెకు, విధవకు, తల్లికి ఖురాన్ స్పష్టంగా వాటాలు నిర్దేశించింది. అవి ఎవరి దయాదాక్షిణ్యాలూ కావు. అయినప్పటికీ, ‘అక్కాచెల్లెళ్లు తమ్ముళ్ల కోసం వదులుకొన్నారు’ అనే ఆచారం పేరిట వారి పేర్లు పత్రాలకు ఎక్కకుండా పోతున్నాయి. ఇల్లు నిలిచి ఉన్నంతకాలం పుట్టింటి గడప ఆమెకు ఒక హక్కుగా మిగిలేది. కష్టం వచ్చి తిరిగివస్తే ఒక గది ఉండేది. ఇల్లు పరిహారపు చెక్కుగా మారిన క్షణం, ఆ చెక్కు మీద పేరు లేని ఆడబిడ్డకు గదీ పోయింది, వాటా కూడా పోయింది. ప్రభుత్వాన్ని నిలదీసే నైతిక బలం మనకు కావాలంటే, ముందుగా మన ఇంట్లోని ఈ అన్యాయాన్ని సరిదిద్దుకోవాలి.

ఆ తర్వాత అద్దెకున్నవారి సంగతి. ముందు భాగంలో దర్జీ దుకాణం, గాజుల దుకాణం, పక్కన టీ హోటలు, వెనుక కాపురం: పాతబస్తీ ఇంటి జీవనం ఇది. ఇంటి యజమానికి పరిహారం వచ్చినా, ముప్పై ఏళ్లుగా అక్కడ బతుకుతున్న చేతివృత్తివానికి మిగిలేదేమిటి? 2013 నాటి భూసేకరణ చట్టం, సేకరణకు ముందు మూడేళ్లు లేదా అంతకు మించి పట్టణ ప్రాంతంలోని ఆ స్థలంలో నివసించిన కుటుంబాన్నీ, ఆ స్థలం మీద జీవనాధారం ఉన్న కుటుంబాన్నీ బాధిత కుటుంబాలుగానే గుర్తించింది. సామాజిక ప్రభావ మదింపును ఒక మౌలిక సూత్రంగా ప్రవేశపెట్టిందీ ఆ చట్టమే. ఆ తర్వాత రాష్ట్ర సవరణలు కొన్ని మినహాయింపులు తెచ్చాయి. మినహాయింపు ఉన్నదన్న కారణంతో మదింపు చేయకూడదన్న నియమమేదీ లేదు. ప్రజల పట్ల గౌరవం ఉన్న ప్రభుత్వానికి అది భారం కానక్కరలేదు.

నోటీసు విషయంలోనూ ప్రజలకు తెలియవలసిన హక్కులున్నాయి. చట్టబద్ధమైన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదని రాజ్యాంగం 300ఎ అధికరణం చెబుతోంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్‌డోజర్ కూల్చివేతలపై ఇచ్చిన తీర్పులో, ముందుగా నోటీసు ఇచ్చి 15 రోజుల వ్యవధి ఇవ్వకుండా కట్టడాన్ని కూల్చరాదని స్పష్టం చేసింది. రోడ్డు వంటి బహిరంగ స్థలంలోని అక్రమ నిర్మాణాలకు ఈ రక్షణ వర్తించదని కూడా అదే తీర్పు పేర్కొంది. కాబట్టి ‘మన ఇల్లు అక్రమం కాదు, సక్రమం’ అని చూపగల పత్రమే అన్నింటికన్నా పెద్ద రక్షణ. వక్ఫ్ స్థలాల విషయంలో ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. 2025 వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అన్న భావనను ఇకముందుకు తొలగించింది. చట్టం రాక ముందే నమోదైన వాటికి మాత్రం, వివాదంలో లేనప్పుడు, ప్రభుత్వ భూమి కానప్పుడు రక్షణ ఉంచింది. దస్తావేజు లేకుండా తరతరాల వాడుకతోనే నిలిచిన చిన్న మసీదు, ఆశుర్‌ఖానా, దాయిరా మన మొహల్లాల్లో ఎన్ని ఉన్నాయో అక్కడి పెద్దలకే తెలుసు. మొహల్లా చెదిరిపోతే, ఆ వాడుకకు సాక్ష్యం చెప్పేవారు కూడా ఉండరు.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. పాత ఇళ్లు శిథిలాలు, ప్రమాదకరమైనవి. ఇరుకు సందుల్లోకి అగ్నిమాపక శకటం రాదు, అంబులెన్సు రాదు. అక్కడివారే బయటపడాలని కోరుకొంటున్నారు. చరిత్ర పేరిట వారిని అక్కడే బంధించడం న్యాయమా? ఈ వాదనలో నిజముంది. బయటికి వెళ్లదలచిన కుటుంబాన్ని ఎవరూ ఆపకూడదు. కాని వెళ్లదలచడం వేరు, వెళ్లగొట్టబడడం వేరు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక, భద్రతాభీతి వల్ల ముస్లిములు ఒకచోట గుమికూడి నివసిస్తున్నారనీ, అటువంటి వాడలను పురపాలక యంత్రాంగాలు నిర్లక్ష్యం చేస్తున్నాయనీ నమోదు చేసింది. అంటే ఒక వాడకు దశాబ్దాలపాటు మురుగు కాలువ వేయకుండా, మరమ్మతుకు అప్పు ఇవ్వకుండా శిథిలం కానిచ్చి, శిథిలమైందన్న కారణంతోనే కూల్చడం జరుగుతోంది. పాతబస్తీ నుంచి వెళ్లగొట్టబడిన కుటుంబానికి నగరంలో మరో వాడలో ఇల్లు అద్దెకు దొరకడం ఎంత కష్టమో, పేరు చెప్పగానే మూసుకొనే తలుపులను ఎదుర్కొన్నవారికి తెలుసు. కనుక మొహల్లాను కోల్పోవడం మనకు చిరునామా మార్పు కాదు, ఆశ్రయం కోల్పోవడం.

మరో మార్గం లేదా అంటే ఉంది. 1411లో సుల్తాన్ అహ్మద్‌షా నెలకొల్పిన అహ్మదాబాద్ పాత నగరం 2017 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందింది. మన దేశంలో ఆ గౌరవం పొందిన తొలి నగరం అదే. ఆ గుర్తింపు మసీదులకూ, దర్వాజాలకూ మాత్రమే దక్కలేదు. ‘పోళ్‌’ అనే వాడలకు, అక్కడి కొయ్య చెక్కడాల ఇళ్లకు, వాటి నడిముంగిళ్లకు, ముంగిళ్ల కింద వాననీటిని నిల్వచేసే తొట్లకు కూడా దక్కింది. పాత ఇంటిని కూల్చకుండా నిలిపినవారికి, అక్కడ వాడుకోని నిర్మాణ హక్కును వేరేచోట అమ్ముకొనే అవకాశం కల్పించారు. అక్కడ సమస్యలు లేవని కాదు. కాని ఇల్లు కూడా వారసత్వమేనన్న సూత్రాన్ని అక్కడ అంగీకరించారు. హైదరాబాదు నుంచి గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. కోట, సమాధి, మినారు ఉన్నాయి. మనుషులు బతికే మొహల్లా మాత్రం అందులో లేదు.

సాంకేతిక సామర్థ్యం లేదన్న సాకు కూడా నిలవదు. 1910లలో లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో హైదరాబాదు నగరాన్ని కొలిచి తయారు చేసిన పటాల్లో ప్రతి సందు, ప్రతి బావి, ప్రతి ఇంటి హద్దు గీసి ఉంది. నూరేళ్ల క్రితం గొలుసుతో, దుర్భిణితో సాధ్యమైన పని ఉపగ్రహాల కాలంలో సాధ్యం కాదా? ఆగాఖాన్ సంస్థ ఆధ్వర్యంలో 2013 నుంచి సాగిన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో సున్నం పనివారు, రాతి పనివారు తమ పనితనాన్ని తిరిగి నిరూపించారు. సమాధికి దొరికిన మేస్త్రీ, ఇంటికి కూడా దొరుకుతాడు, కూలి ఇచ్చేవారుంటే.

కావున ప్రభుత్వం ముందు మేము ఉంచుతున్న కోరికలు ఇవి. పాతబస్తీ మొహల్లాల్లో నిలిచి ఉన్న పాత ఇళ్లన్నింటినీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, వార్డుల వారీగా నమోదు చేసి ఆ జాబితాను ఉర్దూ, తెలుగు భాషల్లో ప్రజల ముందుంచాలి. నిషేధ పరిధిలోని ఇళ్ల మరమ్మతుకు గ్రాంటు, వడ్డీ రాయితీతో అప్పు ఇవ్వాలి. అనుమతులకు గడువు విధించాలి. మెట్రో మార్గంలో ప్రార్థనా స్థలాలకు చూపిన ఇంజనీరింగ్ సర్దుబాటును వారసత్వ విలువ ఉన్న ఇళ్లకూ చూపాలి. వీలుకానిచోట కూల్చడానికి ముందు ఆ ఇంటిని కొలిచి, ఫోటోలు తీసి భద్రపరచాలి. పరిహార జాబితాలో స్త్రీ వారసుల పేర్లు ఉన్నాయో లేదో విచారించిన తర్వాతనే చెల్లింపు జరగాలి. అద్దెదారులకు, చిరువృత్తులవారికి అదే మొహల్లా పరిధిలో చోటు చూపాలి. తమ ప్రత్యేక భాషను, లిపిని, సంస్కృతిని పరిరక్షించుకొనే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం ప్రతి పౌర సముదాయానికీ ఇచ్చింది. సంస్కృతి గాలిలో ఉండదు. అది గడపల మధ్య, ముంగిళ్లలో ఉంటుంది.

ప్రభుత్వాన్ని కోరేటప్పుడు మన చేతిలో ఉన్న పనిని వాయిదా వేయడం తగదు. ప్రతి కుటుంబమూ తమ ఇంటి కాగితాలను ఒకచోట చేర్చాలి. ఉర్దూ, ఫార్సీ దస్తావేజులను చదవగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే వాటికి తెలుగు, ఇంగ్లీషు అనువాదాలు చేయించుకోవాలి. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో నిజాం కాలపు రికార్డులున్నాయి; న్యాయవాదులు, విద్యార్థులు బృందాలుగా ఏర్పడి పేద కుటుంబాలకు వాటిని వెతికిపెట్టవచ్చు. వారసత్వ పంపకం మరణించిన వెంటనే, అక్కాచెల్లెళ్ల సంతకాలతో, రిజిస్ట్రేషన్‌తో పూర్తి కావాలి. మసీదు కమిటీలు జుమా రోజున పావుగంట సమయాన్ని ఈ విషయానికి కేటాయిస్తే, ఏ న్యాయ సహాయ శిబిరం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. ముతవల్లీలు తమ సంరక్షణలోని స్థలాల హద్దులు, రికార్డులు నేడే సరిచూసుకోవాలి. పాత ఇల్లు పడగొట్టక తప్పని కుటుంబం, కనీసం దాని ముంగిలిని, కమానును, మొహల్లా పేరును పిల్లలకు చెప్పి, చిత్రాలు తీసి దాచాలి.

నోటీసు అందిన రోజున మొదలుపెట్టే పోరాటం ఆలస్యపు పోరాటమే. దారుల్‌షిఫా నుంచి చాంద్రాయణగుట్ట వరకు గుర్తు గీతలు పడని ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి తలుపు తట్టవలసింది రెవెన్యూ ఉద్యోగి కంటే ముందు మనం.